తాగే గుక్కలో ప్లాస్టిక్ నలుసు: విశాఖ ఇంట్లో ఎలా తగ్గించుకోవాలి

పొద్దున్నే కంచరపాలెం మెట్టు వైపు ఏదో ఒక టీ కొట్టు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. స్టీలు క్యానుతో వచ్చేవారు ఒకరిద్దరు ఉంటారు. మిగతావారికి పార్సిల్ అంటే పల్చని పాలిథిన్ కవరే. కుతకుత ఉడుకుతున్న టీని అందులో పోసి, మూతి మెలిపెట్టి దారం చుట్టి చేతికిస్తారు. కవరు వేడికి మెత్తబడి బానపొట్టలా సాగుతుంది. దాన్ని వేలికి తగిలించుకుని బండి మీద ఇంటికి చేరేసరికి పావుగంట. చాలా ఏళ్లు నేనూ అలాగే తెచ్చాను. అదే ఇంట్లో తాగే నీళ్ల కోసం మాత్రం వేలు పోసి యంత్రం బిగించుకున్నాను. ఏది ముందు, ఏది వెనుక అన్న లెక్క తప్పడమంటే ఇదే.

మైక్రోప్లాస్టిక్ అంటే 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ నలుసు. ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కన్నా చిన్నదైతే నానోప్లాస్టిక్ అంటారు. తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది కనుక మనం మాట్లాడుకునేవి చాలావరకు కంటికి ఆనవు. వాటిని పూర్తిగా వదిలించుకునే ఉపాయం ఎవరి దగ్గరా లేదు, గాలిలోనూ ఉన్నాయి. చాలా తగ్గించుకునే ఉపాయం మాత్రం ఉంది. ఎందుకంటే ప్లాస్టిక్ ఊరికే రాలదు. వేడి తగలాలి, రాపిడి కలగాలి, లేదా ఎండకు ఎండి పెళుసెక్కాలి. ఈ మూడూ మీ ఇంట్లో ఎక్కడెక్కడ కలుస్తున్నాయో పట్టుకుంటే సగం పని అయినట్టే.

మొదట ఒక్కరోజు రాసుకోండి

ఏదీ కొనకండి, ఏదీ పారేయకండి. ఒక రోజంతా మీరూ ఇంట్లోవారూ తాగినవన్నీ కాగితం మీద పెట్టండి. పొద్దుటి కాఫీ, ఆఫీసులో కాగితం కప్పు టీ, మధ్యాహ్నం సీసా నీళ్లు, సాయంత్రం బీచ్ రోడ్డులో నిమ్మసోడా, రాత్రి పాలు. ఒక్కొక్క దాని పక్కన రెండే ప్రశ్నలు: నోటికి చేరేలోపు ఇది ఏ ఏ ప్లాస్టిక్‌ను తాకింది? తాకినప్పుడు వేడిగా ఉందా?

మా ఇంట్లో రాసుకున్నప్పుడు వేడిగా తాకినవి ఐదు తేలాయి. పార్సిల్ టీ, కాగితం కప్పు, ప్లాస్టిక్ టీ వడపోత, మా అబ్బాయి మైక్రోవేవ్‌లో పాలు వెచ్చబెట్టే డబ్బా, ఎలక్ట్రిక్ కెటిల్ మూత లోపలి భాగం. వీటిలో నాలుగు మార్చడానికి అయిన ఖర్చు ఒక కుటుంబం సినిమాకు వెళ్లొచ్చినంత కూడా కాలేదు.

వేడికీ ప్లాస్టిక్‌కూ విడాకులు ఇప్పించండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగే ఓపిక ఉంటే ఇది చేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

కాగితం కప్పు సంగతి ముందు. అది కాగితం కాదు, పూర్తిగా కాదు. కాగితంలో టీ పోస్తే నానిపోతుంది కనుక లోపల పల్చని ప్లాస్టిక్ పొర, ఎక్కువగా పాలిథిలీన్, అంటిస్తారు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో 85 నుంచి 90 డిగ్రీల వేడి నీరు 100 మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచి చూశారు. మైక్రాన్ స్థాయి నలుసులు దాదాపు 25,000 నీటిలోకి వచ్చాయి. పావుగంట అంటే ఎక్కువసేపు అనిపించవచ్చు. ఆఫీసులో టీ ముందు పెట్టుకుని ఫోను మాట్లాడేవారికి అది ఎంత?

టీ బ్యాగులది ఇంకో కథ. అన్నీ ఒకటి కావు. పట్టులా మెరుస్తూ, లోపలి ఆకు కనిపించే పిరమిడ్ ఆకారపు సంచులు నైలాన్‌తోనో పాలిస్టర్ జాతి ప్లాస్టిక్‌తోనో చేసినవి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారు 2019లో వాటిని 95 డిగ్రీల నీటిలో ముంచి లెక్కిస్తే ఒక్క సంచి నుంచి సుమారు 1160 కోట్ల మైక్రోప్లాస్టిక్‌లు, 310 కోట్ల నానోప్లాస్టిక్‌లు తేలాయి. లెక్కించే పద్ధతులు ప్రయోగశాలకో రకంగా ఉంటాయి కనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి దేనికి ఎన్ని మార్కులో వేయకండి. చెప్పదలచింది ఒక్కటే, వేడి నీటిలో ప్లాస్టిక్ నానబెట్టకండి. తెలుగువాడికి టీ బ్యాగు అవసరం ఏమిటో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు. గిన్నెలో పొడి వేసి మరిగించే టీ ముందు అది రంగు నీళ్లు.

ఇప్పుడు చేయవలసిన మార్పులు చెబుతాను. పార్సిల్ టీకి మూత గట్టిగా పడే స్టీలు క్యాను పట్టుకెళ్లండి. అర లీటరుది చాలు. ఇంట్లో పాత టిఫిన్ క్యారియర్ ఉంటే కింది గిన్నె సాంబారుకూ పనికొస్తుంది. హోటల్ నుంచి సాంబారు, రసం వచ్చేది కూడా అదే కవరులో, అదే వేడితో. అందులో నూనె ఉంటుంది కనుక ప్లాస్టిక్‌లోని రసాయనాలను ఇంకా తేలిగ్గా లాగుతుంది. కొట్టువారు విసుక్కుంటారేమో అన్న మొహమాటం వద్దు, కవరు డబ్బు వారికే మిగులుతుంది.

టీ వడపోత స్టీలుది కొనండి. జాలీ కూడా స్టీలుదేనా అని చూడాలి. చుట్టూ స్టీలు పట్టీ ఉండి మధ్యలో నైలాన్ జాలీ ఉన్నవి పూర్ణా మార్కెట్ సామాన్ల కొట్లలో బోలెడు. జాలీ మీద గోరుతో గీసినప్పుడు లోహపు చప్పుడు వస్తే లోహం. పాత ప్లాస్టిక్ వడపోత అంచులు టీ రంగు పట్టి, పొట్టు లేస్తూ ఉంటే ఇక ఆలోచించవలసింది లేదు.

కాఫీ ఫిల్టరు ఇత్తడిదో స్టీలుదో ఉన్నవారు అదృష్టవంతులు. అరకు కాఫీ పొడిని అందులో దించుకుని, స్టీలు గ్లాసులో తాగేవారికి ఈ భాగంతో పనే లేదు.

ఆఫీసులో సొంత కప్పు పెట్టుకోండి. పింగాణీదైనా స్టీలుదైనా సరే. మెలమైన్ కప్పులు పింగాణీలా కనిపిస్తాయి కానీ ప్లాస్టిక్ జాతివే, కింద పడినా పగలకపోతే అనుమానించండి. ఎలక్ట్రిక్ కెటిల్ కొనేటప్పుడు లోపల చేయి పెట్టి చూడండి. గోడ, అడుగు, మూత లోపలి వైపు అన్నీ స్టీలే ఉండాలి. కొత్త కెటిల్‌లో మొదటి రెండు మూడు కాచుల నీళ్లు పారబోయండి.

పసిపిల్లల పాల దగ్గర కొంచెం ఎక్కువ జాగ్రత్త

పాల సీసాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలవారు 2020లో వీటిని పరిశీలించి, వేడి నీటితో పాలపొడి కలిపినప్పుడు లీటరుకు కోటీ అరవై లక్షల వరకు నలుసులు రాలుతున్నట్టు చూపారు. నీరు ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ. అలాగని చల్లటి నీటితో పొడి కలపకూడదు. పాలపొడిలో ఉండే సూక్ష్మజీవులు చావాలంటే నీరు కనీసం 70 డిగ్రీలు ఉండాలి. అందుకే పద్ధతి మార్చాలి. స్టీలు గిన్నెలోనో గాజు పాత్రలోనో వేడి నీటితో పొడి కలపండి. గోరువెచ్చగా అయ్యాక, మరిగించి శుభ్రం చేసి చల్లార్చిన సీసాలోకి వంచండి. సీసాను మరిగించిన తర్వాత, స్టీలు పాత్రలో కాచి చల్లార్చిన నీటితో రెండు మూడుసార్లు తొలిచి అప్పుడు వాడండి. పాలు పోసిన సీసాను గట్టిగా గిలకొట్టవద్దు, మైక్రోవేవ్‌లో అసలే పెట్టవద్దు.

గాజు సీసా వాడవచ్చు, చేయి జారుతుందన్న భయం లేకపోతే. నాకైతే అమ్మమ్మల ఉగ్గుగిన్నె దీనికి చక్కటి జవాబు అనిపిస్తుంది. వెండిదే కానక్కరలేదు, స్టీలుది దొరుకుతుంది. సీసా కన్నా కప్పుతో పట్టడమే శుభ్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. ఉగ్గుగిన్నెకు పీకా లేదు, మరలు లేవు, మూలల్లో పాలు నిలిచిపోవు. తల్లిపాలు తాగే బిడ్డకైతే ఈ తంటాలేవీ లేవు.

మీ కుళాయి నీరు ఎక్కడిదో తెలుసుకోండి, తర్వాత కాచండి

విశాఖకు ఒకే చెరువు నీళ్లు రావు. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ముడసర్లోవ జలాశయాలు ఒకవైపు, ప్రధానంగా ఉక్కు కర్మాగారం అవసరాలకు తవ్విన ఏలేరు కాలువ మరోవైపు. ఆ కాలువ 150 కిలోమీటర్లకు పైగా ఊళ్లు దాటుకుని వస్తుంది. ఇవన్నీ ఉపరితల జలాలు. శుద్ధి కేంద్రంలో పటిక వేసి తేర్చి, ఇసుక పొరలలో వడపోస్తారు. మట్టిని తొలగించడానికి పుట్టిన ఈ పద్ధతే ప్లాస్టిక్ నలుసుల్లో పెద్ద భాగాన్నీ ఆపుతుంది. మున్సిపాలిటీ నీళ్లంటే ముఖం చిట్లించి, 20 లీటర్ల ప్లాస్టిక్ టిన్నులో వచ్చే నీళ్లంటే మురిసిపోయేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అపార్ట్‌మెంటులో అయితే చాలాచోట్ల కుళాయి నీరూ బోరు నీరూ ఒకే సంపులో కలుస్తాయి. వాచ్‌మన్‌ను అడిగితే ఏ రోజు ఏది వదిలారో చెబుతాడు. తీరానికి దగ్గరగా ఉన్న బోర్లలో ఉప్పదనం తగులుతుంది. ఇది ఎందుకు అడగమంటున్నానంటే, కాచడం వల్ల ప్లాస్టిక్ ఎంత తగ్గుతుందన్నది నీటి కఠినత్వం మీద, అంటే అందులో సున్నం ఎంత కరిగి ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

2024లో చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధకులు ఒక మంచి విషయం కనిపెట్టారు. కఠిన జలాన్ని కాచినప్పుడు అందులోని సున్నం తెల్లటి పొరగా విడివడుతుంది కదా, అది విడివడేటప్పుడు చిన్న ప్లాస్టిక్ నలుసుల చుట్టూ పేరుకుని వాటిని తనతో పాటు లాక్కుపోతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీటిలో ఇలా 90 శాతం వరకు తగ్గాయి. సున్నం తక్కువగా ఉండే మెత్తని నీటిలో తగ్గింది పావు వంతే. గిన్నె అడుగున పేరుకునే సున్నాన్ని ఇన్నాళ్లూ తిట్టుకుంటూ తోమాను, అది ఒక రకంగా పని చేసి పెడుతోందన్నమాట.

మీ నీరు కఠినమా కాదా అన్నదానికి పరికరం అక్కరలేదు. సబ్బు నురగ రాక జిడ్డులా తేలితే, నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి చార కడితే కఠినమే. పద్ధతి ఇది.

స్టీలు గిన్నెలో నీరు పోసి, తెర్లడం మొదలయ్యాక ఐదు నిమిషాలు ఉంచండి. దించి మూత పెట్టండి. కదపకండి. కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా. సున్నం అడుగుకు దిగాలి. తెల్లవారి పై నీటిని మెల్లగా వంచండి, నాలుగు మడతలు వేసిన శుభ్రమైన నూలు గుడ్డ గుండా. గుడ్డ నూలుదే కావాలి, పాలిస్టర్ కలిసిన చీర ముక్క పెడితే నీటిని వడకట్టడం కాదు, నీటికి పోగులు చేర్చడం అవుతుంది. చాలాసార్లు ఉతికిన పాత పంచె ముక్క మేలైనది. అడుగున రెండు వేళ్ల నీరు మొక్కలకు పోయండి, దాన్ని కూడా పిండుకోవాలనుకుంటే చేసిన పనంతా వృథా. గుడ్డను రోజూ ఉతికి ఎండలో ఆరేయండి.

నీరు మెత్తనిదైతే కాచడం మానేయాలా? వద్దు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వానాకాలంలో కామెర్లు, విరేచనాలు, టైఫాయిడ్ తెచ్చేది ప్లాస్టిక్ కాదు, సూక్ష్మజీవులు. ప్లాస్టిక్ భయంతో ఎవరైనా శుద్ధి చేసిన నీరు మాని ఏ ఊట నీళ్లో, కాచని బావి నీళ్లో తాగితే అది తెలివి తక్కువ పని. ముందు క్రిములు, తర్వాతే నలుసులు. 2019 నివేదికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ క్రమాన్నే చెప్పింది. 150 మైక్రాన్ల కన్నా పెద్ద నలుసులు ఒంటికి పట్టకుండా బయటికి పోయే అవకాశం ఎక్కువనీ, అంతకన్నా చిన్నవాటి మీద ఇంకా పరిశోధన కావాలనీ అప్పుడు పేర్కొంది. తర్వాత 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును శస్త్రచికిత్సతో తీసి పరీక్షించారు. 257 మందిలో సగానికి పైగా పాలిథిలీన్ దొరికింది. దొరికినవారిలో గుండెపోటు, పక్షవాతం, మరణం కలిపి చూస్తే ముప్పు దాదాపు నాలుగున్నర రెట్లు. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఇది రుజువు కాదు, ఆ మాట పరిశోధకులే అన్నారు. భయపడి చేతులు ముడుచుకోవడానికి కాకపోయినా, కవరు టీ మానడానికి నాకు ఇది చాలు.

యంత్రం కొనేముందు ఉప్పు పరీక్ష

మూడేళ్ల కిందట మా ఇంటికి నీటి యంత్రాలు అమ్మే కుర్రాడు వచ్చాడు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల యంత్రం నీళ్లు పోసి, రెండింటిలో లోహపు కడ్డీలున్న పరికరం ముంచి స్విచ్ వేశాడు. మా నీళ్లు గోధుమ రంగుకు తిరిగి, మడ్డి కట్టి, చూడలేనంతగా అయ్యాయి. వాళ్ల నీళ్లు అలాగే తళతళలాడాయి. ‘చూశారా ఆంటీ, ఇదంతా ప్లాస్టిక్, విషం’ అన్నాడు. మా అత్తగారు గుండె మీద చేయి వేసుకున్నారు.

ఆ మడ్డి నీటిలోది కాదు, కడ్డీలది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా నీటిలోకి దిగుతుంది. లవణాలు ఉన్న నీటిలోనే కరెంటు బాగా పారుతుంది. యంత్రం లవణాలు తీసేసింది కనుక ఆ గ్లాసులో ఏమీ జరగలేదు. మీ ఇంటికి ఎవరైనా ఈ గారడీతో వస్తే, వాళ్ల స్వచ్ఛమైన గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి. నేను వేశాను. అదీ గోధుమ రంగుకు తిరిగింది. కుర్రాడు పరికరం సర్దుకున్నాడు.

ఇక టీడీఎస్ మీటరు. అది చూపేది నీటిలో కరిగిన లవణాలు మాత్రమే. ప్లాస్టిక్ కరగదు, కనుక మీటరులో అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన నలుసులు లేవని కాదు. మన దేశపు తాగునీటి ప్రమాణంలో, అంటే 10500 నంబరు ప్రమాణంలో, మైక్రోప్లాస్టిక్‌కు హద్దు అంటూ ఏదీ పెట్టలేదు. ఆహారంలో వీటిని లెక్కించే పద్ధతులు ఖరారు చేయడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024లో ఒక ప్రాజెక్టు చేపట్టింది. కాబట్టి ‘మైక్రోప్లాస్టిక్ లేని నీరు’ అని అట్టపెట్టె మీద రాసి ఉంటే, ఎవరు ఎలా కొలిచారో అడగండి.

ఆర్‌ఓ అంటే నీటిని ఒత్తిడితో అతి సన్నని పొర గుండా తోసి లవణాలను కూడా తీసేసే పద్ధతి. ఆ పొర రంధ్రాలు మైక్రాన్‌లో వెయ్యో వంతు కన్నా చిన్నవి. నలుసులను ఆపడంలో దానికి సాటి లేదు, ఆ మాట నిజం. కానీ మీ నీటి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే నలుసుల కోసం ఆర్‌ఓ పెట్టడం అంటే మంచి లవణాలను తీసేయడం, బకెట్ల కొద్దీ నీరు మోరీలోకి వదలడం. అల్ట్రాఫిల్ట్రేషన్ అనే వడపోత లవణాలను వదిలేసి నలుసులను ఆపుతుంది, దాని రంధ్రాలు 0.01 నుంచి 0.1 మైక్రాన్ ఉంటాయి. జలాశయం నీటికి అది సరిపోతుంది, నీరూ వృథా కాదు. ఉప్పు బోరు అయితే ఆర్‌ఓ తప్పదు.

ఏది పెట్టినా, పొరలు పాతబడేదాకా వాడకండి. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం 2024లో సీసా నీటిని పరిశీలించినప్పుడు లీటరుకు సగటున 2,40,000 నలుసులు, అందులో పదింట తొమ్మిది వంతులు నానో స్థాయివి కనిపించాయి. వాటిలో పాలిఅమైడ్ అనే నైలాన్ జాతి ప్లాస్టిక్ కూడా గణనీయంగా ఉంది. నీటిని శుద్ధి చేయడానికి వాడే వడపోతల నుంచే అది వచ్చి ఉండవచ్చని పరిశోధకులు అనుమానించారు. ఆర్‌ఓ పొర పాలిఅమైడే. అంటే కాపలాదారుడే జేబులో వేసుకోగలడు. కొత్త పొర మార్చిన రోజు మొదటి రెండు ట్యాంకుల నీరు ఇల్లు తుడవడానికి వాడండి. శుద్ధి అయిన నీరు యంత్రం ప్లాస్టిక్ తొట్టిలో రోజుల తరబడి నిలవనీయకుండా, పట్టగానే స్టీలు బిందెలోకి మార్చండి.

టిన్ను, ట్యాంకు, బిందె

20 లీటర్ల టిన్ను ఎన్నిసార్లు నింపి ఉంటారో పైపై గీతలు చూస్తే తెలుస్తుంది. కొత్తది గాజులా మెరుస్తుంది, పాతది పొగచూరినట్టు మసకబారుతుంది. మసక అంటే అరుగుదల, అరుగుదల అంటే నలుసులు. మసకబారినది, వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు కనిపించేది వెనక్కి పంపండి. ఇది అడగడానికి మొహమాటపడేవాళ్లం, టమాటా ఒకటి మెత్తబడితే రైతుబజారులో వెనక్కి ఇచ్చేస్తాం. టిన్నులు ఆటోలో ఎండలో ఊరంతా తిరిగి వస్తుంటే పొద్దున్నే వచ్చే విడతలో తీసుకోండి. రాగానే బిందెలోకి వంచుకుంటే, మూడు రోజులు ఆ ప్లాస్టిక్‌లో నిలవ ఉండదు.

డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకును చేత్తో రుద్దండి. సుద్దపొడిలా చేతికి అంటితే ఎండ దాన్ని తినేస్తోంది. పైన రేకు షెడ్డో, కొబ్బరాకుల పందిరో వేయండి. మూత పగిలిపోయి ఉంటే ముందు అది మార్చండి. లోపల కడిగేటప్పుడు ముళ్ల బ్రష్షుతో గీరవద్దు, మెత్తటి నూలు గుడ్డతో తుడవాలి.

బిందె విషయంలో రాగి మంచిదే, చింతపండుతో తోమే ఓపిక ఉంటే. రాగిలో నీరు మాత్రమే పెట్టండి. మజ్జిగ, నిమ్మరసం, పానకం పోస్తే చిలుము దిగుతుంది. ఓపిక లేనివారికి స్టీలు. ఉక్కపోత రోజుల్లో మట్టి కూజా, దానికి ప్లాస్టిక్ కుళాయి బిగించినది కాకుండా మామూలుది. దేనికైనా మూత ఉండాలి, ఎందుకంటే ఇంట్లో పాలిస్టర్ కర్టెన్లు, దుప్పట్ల నుంచి లేచే పోగులు తెరిచిన నీటిలోనే పడతాయి. గిన్నెలు తోమే పచ్చ నైలాన్ పీచు అరిగిపోయి సగమవుతుంది కదా, మిగతా సగం ఎక్కడికి పోయిందని ఎప్పుడైనా అనుకున్నారా? కొబ్బరి పీచుకు మళ్లండి. విశాఖలో దానికి కరువు లేదు.

బయటికి వెళ్తే

స్టీలు సీసా ఒకటి సంచిలో ఉంటే ఈ భాగం చదవనక్కరలేదు. లేనివారికి: కారులో ఎండలో పడి ఉన్న సీసా నీరు తాగవద్దు. రుషికొండ దగ్గర కారు నిలిపి, రెండు గంటల తర్వాత వచ్చి పట్టుకుంటే ఆ సీసా ఎలా కాలుతుందో మీకే తెలుసు. ఒకసారి కొన్న సీసాను నెలల తరబడి నింపుకోవడం పొదుపు కాదు. మూత తిప్పిన ప్రతిసారీ మరలు ఒరుసుకుని పొడి రాలుతుంది. 2018లో తొమ్మిది దేశాల్లో కొన్న 259 సీసాలను పరీక్షిస్తే 93 శాతంలో నలుసులు దొరికాయి, ఎక్కువగా దొరికింది మూతలు చేసే పాలీప్రొపిలీనే. సీసా నొక్కి నలిపే అలవాటు మానండి.

గాజు సీసా పానీయం అయితే నిశ్చింత అనుకునేవారికి ఒక చేదు వార్త. ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ 2025లో చూసినప్పుడు కూల్‌డ్రింకులు, బీరు వంటివాటిలో గాజు సీసాల్లోనే నలుసులు ఎక్కువగా తేలాయి. తప్పు గాజుది కాదు, రేకు మూత మీద వేసిన రంగుది. మూతలు ఒకదానికొకటి రాసుకుని రంగు రాలి, సీసాలోకి దిగుతోంది. మన గోలీసోడాకు రేకు మూతే లేదు, ఆ ఒక్క విషయంలో అది గెలిచింది. లోపలి నీరు ఎక్కడిదన్నది వేరే ప్రశ్న.

బీచ్‌లో కొబ్బరి బొండాం కన్నా మంచి పానీయం నాకు కనిపించలేదు. స్ట్రా అడగకండి, నేరుగా ఎత్తి తాగండి, చొక్కా మీద రెండు చుక్కలు పడితే పడతాయి. ప్లాస్టిక్ స్ట్రాలూ గ్లాసులూ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలోనే ఉన్నాయి. చెరకు రసం గాజు గ్లాసులో అడగండి, ఆ గ్లాసు ఎలా కడుగుతున్నారో కూడా చూడండి. బకెట్‌లో ముంచి తీస్తుంటే మీ స్టీలు కప్పులో పోయించుకోండి.

పెళ్లికి, పేరంటానికి

మూడు వందల మంది వచ్చే భోజనాలకు 200 మిల్లీలీటర్ల బుడ్డి సీసాలు వెయ్యి తెప్పిస్తారు. ప్రతి విస్తరి పక్కనా ఒకటి, సగం తాగి వదిలేసినది. వంటవారితో మాట్లాడేటప్పుడే చెప్పండి: స్టీలు గ్లాసులు అద్దెకు కావాలి, నీరు పోయడానికి ఇద్దరు మనుషులు కావాలి, స్టీలు డ్రమ్ములు రెండు. గ్లాసులు కడిగే మనిషికి కూలి కలుపుకుని మీకిచ్చిన లెక్కను సీసాల ధరతో పోల్చి చూడండి. జగ్గు పట్టుకుని ‘బాబాయ్, మంచినీళ్లు’ అంటూ వరుసలో తిరిగే పిల్లలు ఇప్పుడు కనిపించడం లేదు. ఆ పని మళ్లీ ఇస్తే సంతోషంగా చేస్తారు, మా మేనకోడలి పెళ్లిలో చూశాను. వేడి పులుసు, రసం స్టీలు బకెట్లలోనే వడ్డించమని ప్రత్యేకంగా చెప్పాలి, లేకపోతే రంగురంగుల ప్లాస్టిక్ బకెట్లు వస్తాయి.

ఇక ఇంట్లో పేరుకున్న ప్లాస్టిక్ డబ్బాలు, సీసాలను ఒక్కరోజులో బయట పడేయకండి. వేడి తగలని పని వాటికి అప్పజెప్పండి. పప్పులు, ఎండు మిరపకాయలు, మేకులు, బొత్తాలు వేసుకోవచ్చు. పగిలినవి తడి చెత్తలో కలపకుండా పొడి చెత్తలో విడిగా ఇవ్వండి. డాబా మీద మాత్రం కాల్చకండి, అలా కాలిస్తే గుక్కలో తప్పించుకున్నది ఊపిరిలో తీసుకున్నట్టవుతుంది. గెడ్డలో పారేస్తే మొదటి పెద్ద వానకే సముద్రంలో ఉంటుంది, మర్నాడు ఆర్కే బీచ్ ఇసుక మీద.